పిల్లికండ్లు ఎవరి ఆస్తి?

ఉగాది సంచికకు మన ప్రాంతపు చరిత్రను గూర్చి ఏదైనా వ్రాసి పంపవలసినదని సంఘము వారు కోరినప్పుడు మాకు మొదట తోచినవి మూడు: రాయవేలూరు కోట, కావేరిపాక్కం చెరువు, గుడియాత్తం మగ్గాలు. వాటిని గూర్చి మాకంటె బాగుగా తెలిసిన పెద్దలు వ్రాసియే ఉన్నారు. పైగా కోటకు రాళ్లున్నవి, చెరువుకు కట్ట ఉన్నది. వాటి చరిత్రను వాటివద్దనే నిలబడి చదువుకోవచ్చును. రాయీ శాసనమూ లేని చరిత్ర మరియొకటి మన యిండ్లలోనే ఉన్నది. అది మన బిడ్డల కండ్లలో ఉన్నది. దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాము.

బిడ్డను ఉయ్యాలలో వేసిననాడు ముత్తైదువలు చుట్టూ చేరి పోలికలు తీయడము మనకు ఆనవాయితీ. ముక్కు మేనమామది, నుదురు నాయనమ్మది, చెవులు తాతవి అని పంచిపెట్టి, కోపము మాత్రము తండ్రిదని చివరకు తేల్చుతారు. కండ్ల రంగు మాట ఎవరూ ఎత్తరు. అందరివీ నల్లవే, నల్లనివాటిని గూర్చి చెప్పుకొనేది ఏమున్నది? ఆ మాట ఎత్తవలసి వచ్చినదంటే బిడ్డ పిల్లికండ్లతో పుట్టినదన్నమాట. అప్పుడు ఆ గదిలో నవ్వులు కొంచెము తగ్గుతవి.

మా తాతగారి చెల్లెలు ఒకావిడ కావేరిపాక్కంలో అట్లే పుట్టినది. తేనెలో ఆకుపసరు కలిపినట్లుండేవట ఆమె కండ్లు. తల్లిదండ్రులు ఇద్దరివీ నల్లకండ్లే. ఊరిలో ఎవరో పరిహాసానికి, “ఇది క్లైవు దొర ఆస్తి” అన్నారట. అన్నవారు మరునాటికే మరచిపోయినారు. మరవనిది ఆ తల్లి. నలుగురు చేరే బావిగట్టుకు ఆమె పొద్దెక్కిన తరువాతనే పోయేదట. పిల్ల పెద్దదైన తరువాత రెండు సంబంధాలు పెండ్లిచూపులదాకా వచ్చి తాంబూలము పుచ్చుకోకుండానే వెనుకకు మరలినవి. మూడవది ఎట్లో కుదిరినది. ఆ పెండ్లికి గుడియాత్తం నుండి ఒక ముసలావిడ వచ్చినది. ఆమె పిల్ల తండ్రికి మేనత్త. పెండ్లికూతురి గడ్డము పట్టుకొని ముఖము పైకెత్తి చూచి, “అచ్చము మా అమ్మ కండ్లే గదే!” అని కండ్లనీళ్లు పెట్టుకొన్నదట. ఆమె తల్లి ఎప్పుడో గతించినది. ఆ కండ్లను చూచినవారు కావేరిపాక్కంలో ఒక్కరు కూడా మిగిలిలేరు.

పదునెనిమిదేండ్లు మోసిన నింద ఆ ఒక్క మాటతో దిగిపోయినదని మా నాయనమ్మ చెప్పేది. సగమే దిగినదని మేమనుకొంటాము. పదునెనిమిదేండ్లను ఎవరు తిరిగి ఇవ్వగలరు?

క్లైవు దొర మాట ఆ ఊరిలో ఊరకే పుట్టలేదు. 1751లో రాబర్టు క్లైవు ఆర్కాడు కోటను పట్టుకొని, యాబది దినాలకు మించిన ముట్టడిని ఓర్చుకొని నిలిచినాడు. మరుసటి యేడు, 1752 ఫిబ్రవరిలో, చందాసాహెబు కుమారుడు రజాసాహెబు ఫ్రెంచివారి తోడుతో కావేరిపాక్కంవద్ద మాటువేసినాడు. ఫ్రెంచి ఫిరంగులు ఒక మామిడితోపులో దాగియుండినవి. పొద్దుగూకేవేళ మొదలైన పోరు రాత్రిలోనికి సాగినది. క్లైవు కొందరిని చుట్టుదారిన తోపు వెనుకకు పంపి ఫిరంగులను పట్టించుటతో రజాసాహెబు సేన చెదిరిపోయినది. ఇరుపక్షాల తెల్లవారినీ కలిపి లెక్కించినా వేయిమందికి తక్కువే. గెలిచినవారు ఆర్కాడు దారి పట్టినారు. ఓడినవారు దొరికిన దారి పట్టినారు. ఊరికి మిగిలినది ఒక యుద్ధము పేరు, ఒక పరిహాసము.

అయితే తెల్లపటాలాలు ఈ సీమలో బహుకాలము ఉండిన మాట నిజమే. 1806 జూలై 10న రాయవేలూరు కోటలో సిపాయిలు తిరగబడినప్పుడు లోపల తెల్లపటాలము ఉన్నది. తెల్లసైనికులకు ఈ దేశపు స్త్రీలయందు బిడ్డలు కలిగినారు. 1789లో మద్రాసులో సైనికుల మగబిడ్డలకొరకు ఒక అనాథాశ్రమము నెలకొల్పవలసి వచ్చినది. ఇది దాచవలసిన సంగతి కాదు. మా ప్రశ్న వేరు: మన యిండ్లలో కనిపించే పిల్లికండ్లకు ఈ కథ కావలెనా? కావలసినా, ఆ నింద తల్లిమీదనే ఎందుకు పడవలె?

సమాధానానికి ముందు మన రాకపోకలను గూర్చి ఒక మాట. తెలుగువారు ఈ సీమకు ఒక్కసారిగా వచ్చినవారు కారు. విజయనగర ప్రభువుల కాలములో కొందరు, ఆరవీటి రాజులు చంద్రగిరి నుండి రాయవేలూరుకు రాజధానిని మార్చుకొన్న 17వ శతాబ్దపు తొలినాళ్లలో కొందరు, మగ్గాలతోనూ నాగళ్లతోనూ తక్కెడలతోనూ కత్తులతోనూ వచ్చినారు. 1911లో ఉత్తర ఆర్కాడు నుండి కొన్ని తాలూకాలు తీసి చిత్తూరు జిల్లాలో చేర్చినప్పుడు, 1960లో రాష్ట్రాల సరిహద్దులు మరల దిద్దినప్పుడు, బంధువులు గీతకు అటు కొందరు ఇటు కొందరు మిగిలినారు. 2019 నుండి కావేరిపాక్కం రాణిపేట జిల్లాలోనూ, గుడియాత్తం వేలూరు జిల్లాలోనూ ఉన్నవి. జిల్లాలు ఎన్నిమార్లు మారినా పెండ్లిళ్లు మాత్రము ఆ కొద్ది యిండ్లమధ్యనే తిరుగుతూ వచ్చినవి. అక్క కూతురు, మేనమామ కూతురు, మేనత్త కొడుకు. తెలిసిన యింటినుండి పిల్లను తెచ్చుకోవలె, తెలిసిన యింటికే ఇవ్వవలె. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకోవలెను. ముందు దీనితో పని పడుతుంది.

ఇక కంటిరంగు అంటే ఏమిటి? కంటిలో నీలిరంగు పదార్థమనేది లేనేలేదు. మనము నల్లగుడ్డు అని పిలిచే భాగములో నడిమి రంధ్రము చుట్టూ ఒక వలయము ఉన్నది. దానికి ముందు పొర ఒకటి, వెనుక పొర ఒకటి. మెలనిన్ అనే రంగుపదార్థము వెనుక పొరలో దాదాపు అందరికీ దట్టముగానే ఉంటుంది. తేడా అంతా ముందు పొరలో. అక్కడ మెలనిన్ నిండుగా ఉంటే కన్ను నల్లగానో ముదురు గోధుమరంగులోనో కనబడుతుంది. తగ్గితే తేనెరంగు, ఇంకా తగ్గితే ఆకుపచ్చ, మిక్కిలి తగ్గితే నీలము. ఆకాశములో నీలిమందు లేకపోయినా వెలుతురు చెదరి ఆకాశము నీలముగా కనబడినట్లే, ఆ కన్ను కూడ నీలముగా కనబడుతుంది. అనగా నల్లకన్నుకు, పిల్లికన్నుకు భేదము జాతిభేదము కాదు, పాళ్లలో భేదము. పుట్టినప్పుడు లేతగా ఉన్న కండ్లు నెలలు గడిచేకొలది ముదరడము కూడ ఇందువల్లనే.

ఈ పాళ్లు తల్లిదండ్రుల నుండి బిడ్డకు ఎట్లా దిగుతవని ఆలోచించినవారిలో మొదట చెప్పవలసినవాడు ఇంగ్లండులోని ఫ్రాన్సిస్ గాల్టన్. ఆయన 1880లలో కుటుంబాల వివరాలను ప్రజలనుండి తెప్పించుకొని, తాతముత్తాతలదాకా కంటిరంగులను పట్టికలు వేసి, ఒక్కొక్క తరము బిడ్డకు ఇంత వంతు ఇస్తుందని లెక్క కట్టినాడు. తల్లిదండ్రులిద్దరూ కలిసి సగము, అవ్వాతాతలు నలుగురూ కలిసి నాలుగవ వంతు, ఆ పైవారు అందులో సగము. ఉయ్యాలచుట్టూ మన ముత్తైదువలు చేసే పంపకము వంటిదే ఇది కూడ.

గాల్టన్‌కు తెలియని సంగతి ఒకటి అప్పటికే అచ్చయి ఉన్నది. గ్రెగర్ మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి బ్ర్యూన్ నగరములోని మఠపు తోటలో బఠాణీమొక్కలు పెంచి, తాను గ్రహించినది 1865లో ఒక సభలో చదివి, 1866లో ప్రచురించినాడు. ఆయన చెప్పినది ఇది: వారసత్వము పాలూ నీళ్లవలె కలిసిపోదు, గింజలవలె విడివిడిగా దిగుతుంది. ఒక్కొక్క గుణానికి బిడ్డలో రెండు గింజలు, తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి. ఒకటి బలమైనదీ ఒకటి మెతకదీ అయితే బలమైనదే పైకి కనబడుతుంది. మెతకది నశించదు, దాగి ఉంటుంది. ముప్పది నాలుగేండ్లు ఆ వ్యాసమును పట్టించుకొన్నవారు లేరు. 1900లో ముగ్గురు శాస్త్రజ్ఞులు వేరువేరుగా దానిని మరల వెలికి తీసినారు.

మెండెల్ గింజలను మనుష్యుల కండ్లలో వెదకినవారు అమెరికాలో డావెన్‌పోర్ట్ దంపతులు, ఇంగ్లండులో హర్‌స్ట్. డావెన్‌పోర్ట్ దంపతుల వ్యాసము 1907లో వచ్చినది. 1908లో హర్‌స్ట్ లీస్టర్‌షైర్‌లోని బర్బేజ్ అనే పల్లెలో బడిపిల్లల కండ్లను, వారి తల్లిదండ్రుల కండ్లను పరీక్షించి తన ఫలితాలు ప్రకటించినాడు. ఉభయులూ తేల్చినది ఒక్కటే: ముదురురంగు బలమైనది, నీలము మెతకది.

ఈ సూత్రమును మా తాతగారి చెల్లెలికి అన్వయించి చూతాము. లేతరంగు మెతక గింజ అయితే, ఒక్క గింజ ఉన్నంత మాత్రాన కన్ను లేతబారదు. రెండూ మెతకవి కావలె. అనగా తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి రావలె. నల్లకండ్ల తల్లిదండ్రులకు పిల్లికండ్ల బిడ్డ పుట్టినదంటే, ఆ రంగు తల్లియింట ఎంత దాగి ఉన్నదో తండ్రియింటా అంతే దాగి ఉన్నది. బిడ్డ కండ్లు చూచి తల్లిని శంకించేవారు సాక్ష్యమును తలక్రిందులుగా చదువుతున్నారు. ఆ కండ్లు తండ్రి వంశము తరఫున కూడ చేవ్రాలు పెట్టిన పత్రమువంటివి. క్లైవు సైనికుడే వచ్చి ఒక గింజ విడిచిపోయినాడని వాదముకొరకు ఒప్పుకొన్నా, ఆ బిడ్డకు కలిగే కండ్లు ముదురురంగువే అయ్యే అవకాశము హెచ్చు. ఆ గింజ పైకి కనబడవలెనంటే తరాలు గడచి, అటువంటిదే మరియొక గింజ ఎదురుపడవలె.

ఎదురుపడడానికి మనవారిలో ఒక రాచబాట ఉన్నది. అదే మేనరికము. గుడియాత్తం ముసలావిడ పిల్ల తండ్రికి మేనత్త అన్నాము గదా. ఆమె పిల్ల తల్లికి పెద్దమ్మ కూడ. ఏమనగా ఆ దంపతులు మేనత్త మేనమామ బిడ్డలు. లేతకండ్ల ఆ పెద్దావిడ తండ్రికి నాయనమ్మ, తల్లికి అమ్మమ్మ. ఆమెలో రెండు గింజలూ మెతకవే గనుక ఆమె కొడుకుకు ఒకటి, కూతురికి ఒకటి తప్పక దిగినవి. అక్కడినుండి మనుమనికి దిగే అవకాశము రెంటిలో ఒకటి, మనుమరాలికి కూడ రెంటిలో ఒకటి. ఇద్దరిలోనూ ఉండే అవకాశము నాలుగింట ఒకటి. ఉన్నప్పుడు పుట్టే బిడ్డకు రెండూ మెతకవే చేరే అవకాశము మరల నాలుగింట ఒకటి. మొత్తము మీద పదునారింట ఒకటి. ఒక్క స్త్రీ కంటిరంగు ఆమె కొడుకు ద్వారా ఒక పాయగా, కూతురి ద్వారా ఒక పాయగా నడచి, మునిమనుమరాలిలో మరల ఒకటైనది. పై చెరువు కలుజు పారిన నీరు రెండు కాలువలుగా చీలి క్రింది చెరువులో కలిసినట్లే. నడుమ ఏ సైనికుడూ అవసరము లేదు.

ఇంకొక లెక్క చెప్పుతాము. ఒక మెతక గింజ ప్రజలలో నూటికి ఒకటి చొప్పున ఉన్నదనుకొందాము. సంబంధము లేని యిండ్ల పెండ్లిళ్లలో పదివేల బిడ్డలకు ఒక్కరిలో అది రెండుగా కూడుతుంది. మేనత్త మేనమామ బిడ్డల పెండ్లిళ్లలో పదివేలకు సుమారు ఏడుగురిలో, అక్క కూతురిని చేసుకొన్న పెండ్లిళ్లలో సుమారు పదముగ్గురిలో కూడుతుంది. దాగినదానిని వెలికి తెచ్చుటలో మేనరికానికి ఉన్న బలము ఇది.

ఇంతవరకు చదివి, ఈ సూత్రముతో వంశాలను తూచవచ్చునని ఎవరైనా అనుకొంటే పొరబాటు. డావెన్‌పోర్ట్ ఆ పొరబాటే చేసినాడు. కంటిరంగుతో మొదలుపెట్టి మనుష్యుల బుద్ధిని, నడవడిని, పేదరికమును సైతము గింజల లెక్కలోనికి దించి, 1910లో మంచి వంశాలను చెడ్డ వంశాలను ఎంచే కార్యాలయమును స్థాపించినాడు. ఆ వాదాలే 1924లో అమెరికా తన తలుపులు మూసిన వలసచట్టానికి తోడైనవి. హిట్లరు జర్మనీలో ఆష్విట్జ్ చెరనుండి చంపబడినవారి కండ్లు రంగుల పరిశోధనకని బెర్లినుకు పంపబడినవి. మన చెన్నపట్టణములోనూ మ్యూజియము అధికారి థర్‌స్టన్ తలలు ముక్కులు కొలిచి, రంగాచారిగారి సహాయముతో 1909లో కులాలను గూర్చి ఏడు సంపుటాలు వెలువరించినాడు. కొలతతో మనిషి విలువ తేలుతుందనే భ్రమ ఆ కాలమునాటి పెద్ద జబ్బు.

శాస్త్రమే ఆ సూత్రమును తరువాత సవరించినది. 2008లో కోపెన్‌హాగెన్ పరిశోధకులు, ఇతరులు, పదునైదవ క్రోమోజోములో అసలు కీలును కనుగొన్నారు. రంగుపదార్థము తయారీకి తోడ్పడే ఓసీఏ2 అనే జన్యువు అక్కడ ఉన్నది. దాని పొరుగున ఉన్న హెర్క్2 అనే జన్యువులో ఒకేఒక అక్షరము మారితే, తూము సగము మూసినట్లు, ఓసీఏ2 పని తగ్గిపోతుంది. నీలికండ్లలో అధికభాగము దీనివల్లనే. అయినా ఇది ఒక్కటే కాదు. 2021లో సుమారు 1,93,000 మందిని పరీక్షించి, కంటిరంగును మార్చే చోట్లు అరవైకి పైగా ఉన్నవని తేల్చినారు. అందుచేతనే తేనెరంగు, ఆకుపచ్చ వంటివి పాఠ్యపుస్తకపు సూత్రానికి లొంగవు. లేతకండ్ల దంపతులకు అరుదుగా నల్లకండ్ల బిడ్డ కలుగవచ్చును. పైన మేము వేసిన పదునారింట ఒకటి లెక్క కూడ దారి చూపే లెక్కయే గాని తీర్పు కాదు. కంటిరంగుతో ఎవరి తండ్రి ఎవరో తేల్చడము వీలుకాని పని.

మరి ఈ లేతరంగు గింజ మన దేశానికి ఎప్పుడు వచ్చినది? ఇటలీలో దొరికిన సుమారు 14,000 ఏండ్లనాటి మనుష్యుని ఎముకలలోనే నీలికంటి అక్షరము కనబడినది. మన దేశపు జనులలో వేరువేరు మూలాలవారు సుమారు 4,200 ఏండ్ల క్రిందటినుండి 1,900 ఏండ్ల క్రిందటివరకు విరివిగా కలిసిపోయినారనీ, అటుపిమ్మట కులాల లోపలి పెండ్లిళ్లు బిగిసినవనీ హైదరాబాదులోని సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డు పరిశోధకులు 2013లో ప్రకటించినారు. లేతకంటి గింజలు ఆ పాతకలయికలోనే ఈ దేశమంతట చల్లబడినవనుట సమంజసము. 2015లో ముగిసిన వెయ్యి జన్యుసంపుటాల పథకములో 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది ఉన్నారు. అందులో ఒక సమూహము ఇంగ్లండులో కాపురమున్న తెలుగువారే, 102 మంది. వలస వచ్చిన తెలుగువారే తెలుగుజాతికి ప్రతినిధులుగా ఎంచబడడము మనబోటివారికి ఒక ముచ్చట. ఆ తెలుగువారిలోనూ లేతకంటి అక్షరము తక్కువగానైనా కనిపిస్తున్నది. కనుక క్లైవు పుట్టుకకు ఎంతో ముందే ఆ గింజ మనవద్ద ఉన్నది.

ఈ శాస్త్రములో మన తెలుగువారి పాలు కూడ ఉన్నది. జె. బి. ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు విడిచి కలకత్తాకు వచ్చి, ఈ దేశపు పౌరుడై, 1964లో భువనేశ్వరములో కన్నుమూసినాడు. ఆయన శిష్యుడు పిఠాపురమువాడైన ద్రోణంరాజు కృష్ణారావు. కృష్ణారావుగారు మీరాఖాన్‌గారితో కలిసి 1960ల తొలినాళ్లలో ఆంధ్రదేశములోని మేనరికాలను లెక్కించి ప్రకటించినారు. మగవారి చెవులమీద మొలిచే వెండ్రుకలు తండ్రినుండి కొడుకుకే దిగుతవని తమ కుటుంబపు వంశవృక్షమునే ఆధారముగా చూపి 1960లో వ్రాసినారు. పుస్తకాలన్నీ దానిని ఎత్తి వ్రాసినవి. 2004లో జన్యువులనే చదివి చూడగా ఆ గుణము తండ్రికొడుకుల క్రోమోజోముకు కట్టుబడినది కాదని తేలినది. పెద్ద పండితుడు తన యింటివారి పోలికలను చదివినప్పుడే ఇట్లా జరిగితే, బావిగట్టున చదివే పోలికలకు ఏమి ప్రమాణము?

మేనరికాల సంగతి మన రాయవేలూరులోనే శ్రద్ధగా చూచినారు. క్రైస్తవ వైద్యకళాశాలకు చెందిన సుందరరావు, ఇన్‌బరాజ్‌గారలు ఉత్తర ఆర్కాడు ప్రాంతములో వేలకొలది కుటుంబాలను విచారించి 1977లో తమ ఫలితాలు ప్రకటించినారు. అప్పట్లో ఈ పల్లెల్లో దాదాపు సగము పెండ్లిళ్లు దగ్గరి బంధువులమధ్యనే. వారు భయపడినంత పెద్ద నష్టము గర్భాలలో కనిపించలేదు. తరతరాలుగా సాగిన ఆచారము కొన్ని చెడ్డ గింజలను ముందే ఏరివేసి ఉండవచ్చునని వారు తలచినారు. అట్లని పూర్తిగా నిశ్చింతగా ఉండరాదు. తూము సగము మూసుకొంటే పిల్లికన్ను అయ్యే ఆ ఓసీఏ2 జన్యువే రెండువైపులా పూర్తిగా చెడితే, బిడ్డ జుట్టు చర్మము కండ్లు రంగులేక పుడుతుంది, చూపు మందగిస్తుంది, ఎండ పడదు. ఇటువంటి బిడ్డలు మేనరికాలలో ఎక్కువ. దగ్గరి పెండ్లిళ్లకు, అరుదైన వారసత్వ రోగాలకు సంబంధము ఉన్నదని ఇంగ్లండులో గారడ్ అనే వైద్యుడు 1902లోనే గుర్తించినాడు.

మరియొక హెచ్చరిక. మెరిసే నీలికండ్లతోగాని, ఒకకన్ను నలుపు ఒకకన్ను నీలముగాగాని పుట్టిన బిడ్డకు నుదుటిమీద తెల్లవెండ్రుకల పాయ కూడ ఉంటే, దృష్టి తీసి ఊరుకోరాదు. వినికిడి పరీక్ష వెంటనే చేయించవలె. వార్డెన్‌బర్గ్ అనే డచ్చి వైద్యుడు 1951లో వివరించిన స్థితి అది కావచ్చును. అందులో పుట్టుచెవుడు తరచుగా ఉంటుంది. మొదటి యేడే కనిపెడితే ఆ బిడ్డకు మాటలు వచ్చే ఉపాయాలు నేడు ఉన్నవి. రంగును గూర్చి గుసగుసలాడే కాలములో ఆ బిడ్డ చెవివద్ద ఒక గిన్నె మోగించి చూచినా మేలు.

ఇక చట్టము ఏమంటున్నది? భర్తతో కాపురమున్న కాలములో పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డయేనని 1872 నాటి సాక్ష్యచట్టము నిశ్చయించినది. ఆలుమగలకు కలిసే వీలే లేకుండినదని రుజువైతే తప్ప ఆ మాట తిరుగదు. 2024 జూలై 1 నుండి అమలుకు వచ్చిన క్రొత్త చట్టములోనూ ఆ నియమము నిలిచియే ఉన్నది. నిజముగా తేల్చవలసి వచ్చినప్పుడు డీఎన్ఏ పరీక్ష ఉన్నది. దానికి దారి చూపినది 1984లో లీస్టరు విశ్వవిద్యాలయములో అలెక్ జెఫ్రీస్. హర్‌స్ట్ బడిపిల్లల కండ్లు చూచిన బర్బేజ్ కూడ ఆ సీమలోనిదే. కండ్లు చూచి పోలికలు చెప్పే కాలము పుట్టినదీ, దానికి చెల్లుచీటీ వ్రాసినదీ ఒక్క చోటనే. మన దేశములో ఆ విద్యను పాదుకొల్పినవారు హైదరాబాదు సీసీఎంబీలోని లాల్జీసింగ్‌గారు. చట్టము కంటిరంగు అడుగలేదు, శాస్త్రము కంటిరంగును సాక్ష్యముగా ఒప్పలేదు. ఒప్పినది మన నోరు ఒక్కటే.

మా తాతగారి చెల్లెలు నలుగురు బిడ్డలను కన్నది. నలుగురివీ నల్లకండ్లే. ఆ నలుగురిలోనూ తల్లి గింజ దాగి ఉండే ఉంటుంది. వారి సంతతి నేడు రాయవేలూరులో, చెన్నైలో, బెంగళూరులో, సముద్రాలకు అవతల కూడ ఉన్నారు. ఏనాడో ఏ ఊరిలోనో ఒక ఉయ్యాలలో తేనెరంగు కండ్లు మరల తెరుచుకొంటవి. ఆనాడు ఆ గదిలో ఉండే పెద్దలకు మేము చెప్పదలచినది ఒక్కటే. ముక్కును మేనమామకు, నుదురును నాయనమ్మకు యథేచ్ఛగా పంచండి. కండ్లవద్దకు వచ్చినప్పుడు మాత్రము, “మా ముత్తవ్వలలో ఒకావిడ కండ్లు ఇట్లే ఉండేవట” అనండి. ఆ మాట నిజమయ్యే అవకాశము హెచ్చు; తల్లి కూడ తలెత్తుకొని వింటుంది.

కంటిరంగు మనము అడుగకనే దిగుతుంది, వద్దన్నా దిగుతుంది. భాష అట్లా దిగదు. మూడువందల యేండ్లకు పైగా అరవదేశములో ఉండి కూడ మన యిండ్లలో తెలుగు మిగిలినదంటే, ఒక్కొక్క తరములో ఒక తల్లి కూర్చుండి నేర్పినందువల్లనే. ఉగాదిపూట బిడ్డల కండ్ల రంగు వెదకడము మాని, వారి నోట తెలుగు పలికించుదుము గాక. సభ్యులందరికీ, వారి బిడ్డలకూ నూతన సంవత్సర శుభాకాంక్షలు.